యమున క్యాప్ ల్యాంపుల కేసు

యమున వచ్చేసరికి హర్షిణి మామిడికాయ ముక్కకు ఉప్పూకారం అద్దుతోంది. ప్రైవేట్ డిటెక్టివ్ వేణుమాధవ్‌కు భార్యగా, అసిస్టెంటుగా ఒకేసారి కుదిరానన్న సంబరం ఆమెకింకా తీరలేదు.

"అన్నా, నన్నెవడో ముంచుతున్నడు," అంది యమున వేణుమాధవ్‌తో.

గని కార్మికులు టోపీకి పెట్టుకునే ఎల్‌ఈడీ దీపాలను యమున గోదావరిఖనిలోనే ఒక షెడ్డులో, సొంత సర్క్యూట్ బోర్డులతో తయారుచేస్తోంది. రేపు గని అధికారుల పరీక్ష. నెగ్గితే ఆర్డరు, లేకపోతే షెడ్డుకు తాళం. కానీ ఈ వారమంతా సాయంత్రం వెలిగిన దీపాలు పొద్దునకు చచ్చిపోతున్నాయి.

"హైదరాబాద్ డీలర్ విశ్వేశ్వరరావు మీదే అనుమానం. బొగ్గు ఊర్ల ఎలక్ట్రానిక్సా అని నవ్విండు. ఆఖరి బోర్డులే మిగిలినయ్. పెట్టాలంటె భయమైతాంది."

ముగ్గురూ షెడ్డుకు వెళ్లారు. అక్కడి కాపలా యమున బాబాయి లింగమూర్తిది. గని ల్యాంపురూములో కార్మికుల దీపాలు చూసుకునే పనిచేసి రిటైరయ్యాడు.

"తాళం నా దగ్గర్నే ఉంటది సారూ. పిల్లి గూడ రాలే."

దాహమేసి హర్షిణి మూలనున్న తెల్ల క్యాను ఎత్తింది.

"అయ్యో బిడ్డా, అవి తాగే నీళ్లు గావు! కుండల సల్లటియి ఉన్నయ్."

కుండనీళ్లకు హర్షిణి ప్రాణం లేచొచ్చింది. బుర్ర మాత్రం అయోమయంగానే ఉంది. చచ్చిన దీపాలన్నీ వరుసగా కొక్కాలకు వేలాడుతున్నాయి. వాటి డబ్బాలు అద్దంలా మెరుస్తున్నాయి. వేణుమాధవ్ ఒకటి విప్పాడు. మరమేకుల మీద గీత కూడా లేదు. బోర్డు మీద మాత్రం పచ్చటి చిలుము.

"ఇక్కడ నీళ్లు పోసే బ్యాటరీలున్నాయా?"

"లేవన్నా. అన్నీ సీలు చేసినయే."

కబురందుకుని విశ్వేశ్వరరావు ఊళ్లోని లాడ్జి నుంచి రుసరుసలాడుతూ వచ్చాడు.

"నాకు నవ్వే అలవాటుంది గానీ గోడలు దూకే అలవాటు లేదండీ. మోకాళ్ల నొప్పులు!"

"మరెవరండీ?" హర్షిణి భర్త చెవిలో గొణిగింది. ఆయన అందరినీ కూర్చోమన్నాడు.

"పగవాడు చెడగొట్టిన వస్తువును తుడిచి, కొక్కానికి తగిలించి పోడు. ఇది ప్రేమగా చేసిన పని. తాళం పగలగొట్టే అవసరం లేని మనిషి, మర విప్పడం తెలిసిన చెయ్యి. లింగమూర్తి కాకా, పాత దీపాల బ్యాటరీలలో ఏం పోసేవారు?"

"డిస్టిల్ వాటర్. ఎండిపోతె కింద గనిల మనిషి నెత్తిమీద దీపం ఆరిపోతది గద."

"ఆ క్యానులో ఉన్నది అదేనా?"

"అదే. నా పైసలతోని కొన్న. రోజూ పోస్తున్న. సస్తున్నయంటె ఇంకింత పోసిన." అందరి మొహాలూ చూసి ఆగిపోయాడు. "ఏంది బిడ్డా... పొయ్యద్దా?"

"నాకొక్క మాట చెప్పక పోతివి కాకా!"

"చెప్పేదేముంది? డ్యూటీ గద."

యమునకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆఖరి బోర్డులు తెచ్చి ఆయన ముందే బిగించింది.

"మరి వీటికేం పొయ్యాలె?"

"ఏం పొయ్యద్దు కాకా."

"ఏం పొయ్యకుంటె ఎట్ల బతుకుతయే?"

మర్నాడు షిఫ్టు అంతా గనిలో వెలిగి, పైకొచ్చాక కూడా దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. అధికారి ఆర్డరు ఖాయమన్నాడు. షెడ్డులో పనిచేసే ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. లింగమూర్తి ఒక్కడూ కొట్టలేదు. హర్షిణి చూసింది: ఆయన తన చేతులు దీపాల మీదికి పోకుండా తనే వెనక్కి గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.