పేరు కట్టిన పువ్వు

మిట్టమధ్యాహ్నం... కానీ ఆకాశం కాటుక పులుముకుంది! వేళ తప్పిన చీకటికి మోసపోయి ఎక్కడో గుడ్లగూబ కూసింది. ఉరిమినప్పుడల్లా పాత మేడ కిటికీ అద్దాలు పళ్లు కొరుకుతున్నట్టు చప్పుడు చేస్తున్నాయి. మెట్లెక్కుతున్న ఆమె చేతిలో ఒక గసగసాల పువ్వు. నెత్తురురంగు రేకులు, నడుమ నల్లటి మచ్చ. పై అంతస్తులో తలుపు తెరిచే ఉంది... ఆమె కోసమే!

ఆమె పువ్వులు కుట్టే మనిషి. యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకునే రోజున జనం గుండెల మీద పెట్టుకునే ఎర్ర గుడ్డపువ్వులు ఆమె పనిచేసే కార్ఖానాలోనే తయారవుతాయి. అవీ గసగసాల పువ్వులే, కానీ రాలనివి. అక్కడి ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. చివరి ముడి బిగించేటప్పుడు పోయినవాళ్లలో ఒకరి పేరు పైకి చెప్పాలి. చెప్పకుండా ముడేస్తే అది ఉత్త గుడ్డపేలిక అంటారు.

ఆమె తన భర్త పేరు చెప్పేది. సైనికుడు. శవమైనా ఇంటికి రాలేదు, కబురొక్కటే వచ్చింది. అప్పటినుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. మంచంలో అతని వైపు చోటు వదిలి పడుకునేది. ఆ చోటు రోజురోజుకీ పెరిగి తనను గోడకు నెట్టేస్తున్నట్టుండేది.

అలాంటప్పుడు దొరికాడు, ఈ పాత మేడలో ఉండే నిద్రసామి. అందరూ పిలిచే పేరు అదే. అసలు పేరు ఎవరికీ తెలియదు.

"ఈ పువ్వుకి లోకంలో ఎన్ని అర్థాలో తెలుసా తల్లీ?" అన్నాడు మొదటిసారి. "ఒకచోట దీని గింజల్ని పెళ్లికూతురి మీద చల్లుతారు, అంతమంది పిల్లలు పుట్టాలని. ఒకచోట ఇది అమరుల నెత్తురు. ఇంకోచోట ప్రేమలో కాలిపోయినవాడి గుండె. బిడ్డను పోగొట్టుకున్న పంటల దేవతకి దీన్ని చూస్తే ఊరట అనేవాళ్లూ ఉన్నారు. అవన్నీ కవులకి వదిలెయ్. నాకు తెలిసిన అర్థం ఒక్కటే... నిద్ర! వచ్చినప్పుడల్లా ఒక పువ్వు తెచ్చియ్యి. నిద్రలో నీ మొగుణ్ణి చూపిస్తా."

చూపించాడు. తన బల్లమీదున్న ఒక మనిషి కపాలం కంటిగుంటలో పువ్వు గుచ్చి మంత్రం చదివితే ఆమె చాపమీద ఒరిగిపోయేది. కలలో అతను వచ్చి చెయ్యి పట్టుకునేవాడు. లేచేసరికి ఒళ్లు తేలికగా, లోపల ఎవరో ఒక గది ఖాళీ చేసి వెళ్లినట్టుండేది. ఆ తేలికనే ఆమె సుఖమనుకుంది.

పక్కపీట మీద కుట్టే ఆడబిడ్డ ముందుగా కనిపెట్టింది.

"వదినా, అన్నయ్య ఈలేస్తే వీధికుక్కలన్నీ కచేరీ మొదలెట్టేవి, గుర్తుందా?"

"ఈలా?"

"పోనీ, మీ పెళ్లిలో చెప్పులు పోగొట్టుకుని, నా చెప్పులేసుకుని టకటకా నడిచాడే!"

ఆమె వెర్రిచూపు చూసింది. ఆడబిడ్డ నవ్వు ఆగిపోయింది.

"ఆ సామి నీకు నిద్ర ఇస్తున్నాడా, మా అన్నని తినేస్తున్నాడా?"

"నన్ను పడుకోనివ్వు..." గొంతు ఆమెదే. మాట మాత్రం ఇంకెవరిదో!

ఆడబిడ్డ తన పీటవైపు తిరిగింది. చేతిలోని పువ్వుకు ముడి బిగిస్తూ అన్న పేరు గట్టిగా చెప్పింది. తెచ్చి వదిన గుండెమీద పిన్నుతో గుచ్చింది. "నీకు గుర్తు లేకపోతేనేం, నేనేశాను ముడి. తియ్యకు, నీకు పుణ్యముంటుంది."

ఆమె తియ్యలేదు. ఎందుకు ఉంచాలో, ఎందుకు తియ్యాలో, రెండూ తోచలేదు.

ఇవాళ ఆఖరి పూజ. ఆమె దగ్గర అతని పేరొక్కటే మిగిలింది. అదీ ఇచ్చేస్తే ఇక ఏ బాధా ఉండదన్నాడు సామి. ఇవ్వడానికే మెట్లెక్కి వచ్చింది.

గదినిండా పొగ. కపాలం చెంపలమీద పల్చగా కండ పట్టింది! దాని పళ్ల సందుల్లోంచి సన్నగా ఈల... ఎక్కడో విన్నట్టుంది ఆమెకు.

"పేరు చెప్పి పువ్వియ్యి!" సామి గొంతు బొంగురుపోయింది. "నువ్వు మరిచిన క్షణాన ఆ ప్రేతం నాది! నా గుమ్మం ముందు కుక్కలా పడుంటాడు!"

చెయ్యి చాచింది. ఫెళ్లున పిడుగు! కిటికీ తెరుచుకుంది. ఒక్క విసురుకు రేకులన్నీ రాలిపోయాయి. గసగసాల పువ్వు అంతే, ఊపిరి తగిలినా నిలవదు. ఆమె వేళ్ల మధ్య బోడికాడ మిగిలింది.

"ఘడియ దాటిపోతోంది!" సామి చూపు ఆమె గుండెమీది ఎర్ర పువ్వుమీద పడింది. వెనకాముందూ చూడలేదు. పీకి కపాలం కంట్లో గుచ్చి మంత్రం ముగించాడు.

నిశ్శబ్దం...

కపాలం నోరు తెరిచింది. పేరు చెప్పింది. ఆమె భర్త పేరు! వెంటనే ఇంకో పేరు... ఇంకోటి... కార్ఖానా ఆడవాళ్లు ఇన్నేళ్లూ ముళ్లలో బిగించిన పేర్లన్నీ! మెట్లమీద బూట్ల చప్పుడు. పొగలో వరసగా నిలబడ్డ నీడలు. నిద్రపుచ్చాలని సామి గుచ్చిన పువ్వు, మరవకూడదని కుట్టిన పువ్వు!

"పడుకోండి! నేను చెబుతున్నా, పడుకోండి!"

"పిలిచావుగా," అన్నాయి నీడలు ఒక్క గొంతుతో. "నీ పేరేంటి?"

సామి నోరు తెరిచాడు... వెతుక్కున్నాడు. అందరి జ్ఞాపకాలూ తిన్నవాడికి తన పేరు గుర్తులేదు! చెప్పడానికి మరో మనిషీ లేడు. ఒక్క కేక... నిలువునా రేకులు రాలినట్టు రాలిపోయాడు. నేలమీద గుప్పెడు బూడిద, గసగసాల్లా.

నీడలు వెళ్లిపోయాయి. ఒకటి గుమ్మంలో ఆగి ఈల వేసింది. వీధిలో కుక్కలన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. ఆమె అక్కడే కూలబడి, అతను పోయిన రోజున ఏడవాల్సిన ఏడుపు ఏడ్చింది.

మర్నాడు కార్ఖానాలో ఆడబిడ్డ ఆమె మొహం చూసింది. "నిద్ర పట్టిందా వదినా?"

"లేదు." పీటమీద కూర్చుంటూ అంది, "నీ చెప్పులు తెంపేశాడు కూడాను, ఆ పెళ్లిలో."

ఇద్దరూ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. సాయంత్రం అందరూ లేచాక ఆమె ఇంకో పువ్వు కుట్టింది.

"ఎవరికి?"

"ఎవరూ లేనివాడికి."

ఆఖరి ముడి దగ్గర చెయ్యి ఆగింది. చెప్పడానికి సామికి పేరు లేదు. దారం చాలాసేపు ఆమె వేలికే చుట్టుకుని ఉంది.