రాడార్ దాచిన వాన

పెనుకొండ వాతావరణ రాడార్ స్టేషన్‌లో ఇంజనీర్ జయప్రకాష్‌ను మధ్యాహ్నం పన్నెండుకు కాల్చి చంపారు. హిందూపురం బస్టాండులో టీ తాగుతున్న ఏజెంట్ తిరుపాల్‌కు పది నిమిషాల్లో ఫోనొచ్చింది. చనిపోయినవాడు అతని స్నేహితుడు. తిరుపాల్ టీ పూర్తిగా తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"నిన్నటి వాన శాటిలైట్ లెక్కలో ఎనభై నాలుగు మిల్లీమీటర్లు, రాడార్ లెక్కలో ఇరవై," అన్నాడు ఫోన్‌లో చీఫ్ చంద్రశేఖర్. "రాడార్ క్యాలిబ్రేషన్, అంటే కొలత సరిచూసే లెక్క, ఎవరో మార్చారు. ఐదింటికి కంప్యూటర్ రెండింటినీ పోల్చి, శాటిలైట్ అంచనాను రాడార్‌కు తగ్గట్టు దించేస్తుంది. సాయంత్రం ఇంకా పెద్ద వానుంది. వరద హెచ్చరిక రాదు."

"ఎవరికి లాభం?"

"మన శాటిలైట్ పనికిరాదని తేల్చి, తమది అమ్ముకోవాలనుకునే విదేశీ ముఠాకి. అసలు క్యాలిబ్రేషన్ ఫైల్, ముఠా కొత్తగా చేసిన నకిలీ, రెండూ ధర్మవరంలో ప్రమోద దగ్గరున్నాయి. ముఠాలో ఉన్న మన మనిషి. కనీసం మనతో అలాగే చెప్పింది. ఐదులోపు అసలుది తెచ్చి ఎక్కించు."

రెండింటికి బెంగళూరు వ్యాపారి వేషంలో తిరుపాల్ ఆమె చీరల దుకాణంలో కూర్చున్నాడు.

"మబ్బు రంగు పట్టుందా?"

"తడిస్తే రంగు దిగుతాది."

కోడ్ సరిపోయింది. ప్రమోద నవ్వింది. ఆ నవ్వుకు ఇంకెవరైనా తడబడేవారు. చీర మడతలో పెన్‌డ్రైవ్ పెట్టి, "రెండు ఫైళ్లుండాయి. మొదటిదే అసలుది, అదే ఎక్కించు," అంది.

"జయప్రకాష్‌ను ఎవరు చంపినారు?"

"నాకేం తెలుసు?" తలెత్తకుండా చీర మడిచి అతని చేతికిచ్చింది.

దారిలో చెన్నేకొత్తపల్లిలో ఆగాడు. అక్కడ వర్షమాపకం చూసేది ఆదెమ్మ.

"నిన్న ఎంత పడిందవ్వా?"

"ఎనభై ఆరు. నేనే కొలిచినా నాయనా. ఇంట్లోకి నీళ్లొస్తే మంచం మీద కూర్చోని రాసినా."

నాలుగూ యాభైకి స్టేషన్ చేరాడు. కంప్యూటర్ ముందున్న టెక్నీషియన్ మహేష్ తుపాకీ తీశాడు. జయప్రకాష్‌ను చంపిందెవరో తిరుపాల్‌కు తెలిసిపోయింది. జేబులోని పెన్ను నొక్కాడు. మత్తు సూది మెడలో దిగి మహేష్ కూలిపోయాడు.

మొదటి ఫైల్ ఎక్కించి నిన్నటి వానను మళ్లీ లెక్కకట్టించాడు. పదకొండు మిల్లీమీటర్లు వచ్చింది.

ఆదెమ్మ ఎనభై ఆరంది. ప్రమోద అబద్ధమాడింది.

రెండో ఫైల్. ఐదుకు ఇంకా ఎనిమిది సెకన్లు. తెర మీద ఎనభై మూడు వచ్చింది. ఐదు కొట్టింది. కంప్యూటర్ శాటిలైట్ అంచనాను ముట్టుకోలేదు.

వాన మళ్లీ మొదలవగానే వరద హెచ్చరిక వెళ్లింది. ఆరున్నరకల్లా పెనుకొండ చెరువు కింది ఊళ్లు ఖాళీ చేయించారు. ఏడింటికి కట్ట తెగింది. ఒక్క ప్రాణం పోలేదు. ప్రమోదను ధర్మవరం రైల్వేస్టేషన్‌లో పట్టుకున్నారు.

జయప్రకాష్‌ను తీసుకెళ్లే అంబులెన్స్ కొండ దిగేదాకా తిరుపాల్ ఆరుబయట వానలోనే నిలబడ్డాడు. అప్పుడు చీఫ్ ఫోన్ చేశాడు.

"ఏమప్పా, ఆడ వాన నిలిచిందా?"

తిరుపాల్ చొక్కా తడిసి ముద్దయింది. చూరు నుంచి నీళ్లు ఇంకా ధార కడుతున్నాయి.

"కనుక్కొని చెబుతాను సార్," అన్నాడు.