పసుపు గీత మీద బకెట్

సోమవారం ఉదయం 6:52కి కంట్రోల్ రూమ్‌కు ఫోన్ వచ్చింది. 7:15కి ఇన్‌స్పెక్టర్ భవాని హైటెక్ సిటీలోని ఆ ఆఫీసు బిల్డింగ్ బేస్‌మెంట్‌లోకి దిగింది.

కార్లు పెట్టే బేలు నాలుగు. శవం మూడో బేలో ఉంది.

యాదమ్మ. నలభై ఆరేళ్లు. హౌస్‌కీపింగ్. కార్లను మోసుకెళ్లి పేర్చే ఇనుప ప్లాట్‌ఫామ్‌కూ వెనక గోడకూ మధ్య ఛాతీ నలిగింది. చీపురు చేతిలోనే ఉంది.

బే ముందు నేల మీద పసుపు గీత. గీత మీద నీలం ప్లాస్టిక్ బకెట్. సగం నీళ్లున్నాయి. నీళ్లు ఒలకలేదు.

"మెషీన్ ఎవరు నడిపిండ్రు?" భవాని అడిగింది.

"ఎవరూ నడపలేదండి," అన్నాడు ఫెసిలిటీ మేనేజర్ శివశంకర్. "ఆటోమేటిక్ పార్కింగ్. ఏ కారు ఎప్పుడొస్తుందో లెక్కేసుకుని ఆఫీసు రోజుల్లో పొద్దున్నే తనంతట తనే సర్దుకుంటుంది. 6:31కి మూడో బే కదిలింది."

"మనిషి అడ్డమొస్తే?"

"గీత వెంబడి లైట్ బీమ్ వెళ్తుందండి. అటు లైటు, ఇటు సెన్సర్. అడ్డం ఏదైనా ఉంటే మెషీన్ ఆగాలి."

"మరి ఆగలేదు గదా?"

అతను ట్యాబ్ అందించాడు. సిస్టమ్ రిపోర్టు. 6:30, మూడో బే బీమ్ క్లియర్. 6:31, ప్లాట్‌ఫామ్ కదలిక. కారణం: మానవ తప్పిదం.

"ఇది ఎవరు రాసిండ్రు?"

"సిస్టమేనండి. 6:40కల్లా వచ్చేసింది."

"మా కంటే జల్దీ ఉంది. సంతకం?"

"దానికి సంతకం ఉండదండి."

తర్వాత ఫొటో చూపించాడు. రూపాయి బిళ్లంత సెన్సర్ కన్ను. దాని మీద ఎండిన పసుపు, కుంకుమ.

"ఆపరేటర్ రాజేందర్ పనండి. బుధవారం ఆయుధపూజలో నాలుగు బేలకూ ఇలాగే పెట్టాడు. సెన్సర్‌ను గుడ్డిది చేశాడు. మా లీగల్ వాళ్లు కంప్లైంట్ రాసేశారు. నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం. సాయంత్రంలోగా అరెస్ట్ చేస్తే..."

"ఎప్పుడు చెయ్యాల్నో నేను చూసుకుంట."

రాజేందర్ ర్యాంప్ పక్క మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇరవై తొమ్మిదేళ్లు. చందానగర్‌లో కిరాయి గది. ఇంట్లో ఐదు నెలల కూతురు.

"నేనే చంపిన మేడం."

"గింత జల్దీ ఒప్పుకుంటే ఇగ నాకు పనేముంది? అడిగినదానికి చెప్పు. బొట్టు కంటికే ఎందుకు పెట్టినవ్?"

"మిషన్‌కు ముఖం లేదు గదా మేడం. కన్నే కనిపించింది. మా నాయన లారీ లైట్లకు పెడుతుండె."

"పూజ ఎన్ని గంటలకు?"

"పది గంటలకు. పది ఇరవైకి నాలుగు బేలు ఆగిపోయినయ్. పండుగని అందరు ఇండ్లకు పోతుండ్రు, కార్లు లోపల ఇరుక్కున్నయ్. ఒకటే లొల్లి. మేనేజర్ సార్‌కు చెప్పిన. పదకొండు నలభై రెండుకు మళ్ల నడిచినయ్. 'సెట్ చేశా, నడుపు' అన్నడు సారు."

"తర్వాత?"

"తర్వాత నాలుగు రోజులు ఆఫీసు బంద్. మళ్ల ఇయ్యాల్నే తెరిచిండ్రు."

"యాదమ్మ బకెట్ ఎందుకు పెట్టింది?"



"నేనే నేర్పిన మేడం. గీత మీద బకెట్ ఉంటే మిషన్ కదలదు. ఏడాది సంది అక్క గట్లనే ఊడుస్తది. 'మా కొమురయ్య నా మాట ఇనడు, ఇదన్న ఇంటది' అని నవ్వుతుండె."

భవాని మళ్లీ మూడో బే దగ్గరకు వెళ్లింది. బకెట్ చూసింది. సెన్సర్ చూసింది. రిపోర్టు మరోసారి చదివింది. ఆ మెషీన్ తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేసి టెక్నీషియన్‌ను పంపమంది.

సాయంత్రం 4:00. రెండో బే ముందు నలుగురు నిలబడ్డారు. భవాని, శివశంకర్, రాజేందర్, టెక్నీషియన్ దినేశ్. కొంచెం దూరంలో యాదమ్మ భర్త కొమురయ్య. గోపన్‌పల్లిలో వాచ్‌మన్. డ్యూటీ యూనిఫామ్‌లోనే వచ్చాడు.

"దినేశ్, ఈ బే సెన్సర్‌కు కూడా బొట్టుంది. ఇప్పుడు మెషీన్ నడిపించు."

ప్లాట్‌ఫామ్ సాఫీగా కదిలింది.

"ఇప్పుడు సేఫ్టీ చెక్ పెట్టు."

దినేశ్ ల్యాప్‌టాప్‌లో ఏదో మార్చి మళ్లీ బటన్ నొక్కాడు. మెషీన్ కదల్లేదు. ఎర్ర లైటు వెలిగింది.

"కన్ను తుడువు."

గుడ్డతో తుడిచాడు. మెషీన్ కదిలింది. భవాని ఇంకో బకెట్ తెచ్చి గీత మీద పెట్టింది. మెషీన్ ఆగింది.

"కన్ను మూస్తే ఇది గుడ్డిగ నడవది," అంది భవాని. "ఎవరో అడ్డమున్నరనుకుని ఆగుతది. బుధవారం అందుకే ఆగింది. శివశంకర్ గారూ, మీరు నాకు రెండు సాక్ష్యాలిచ్చిండ్రు. బొట్టు ఫొటో ఒకటి, బీమ్ క్లియర్ అన్న రిపోర్టు ఒకటి. రెండూ ఒక్కసారి నిజం కావు. మూసుకుపోయిన కంటికి, ముంగట బకెట్ ఉన్న కంటికి, అంతా క్లియర్ అని ఎట్ల కనిపిస్తది?"

భవాని టెక్నీషియన్ వైపు తిరిగింది.

"దినేశ్, బుధవారం లాగ్ చదువు."

"11:41. నాలుగు బేలకూ సేఫ్టీ చెక్ ఆఫ్. ఆ తర్వాత అన్నీ క్లియర్ అనే రాసుకుంది మేడం."

"లాగిన్ ఎవరిది?"

దినేశ్ శివశంకర్ వైపు చూశాడు.

"అరవై మంది కార్ల కోసం నిలబడ్డారండి," అన్నాడు శివశంకర్. "టెక్నీషియన్ పండుగ అయ్యాకే వస్తానన్నాడు. అప్పటిదాకా ఆఫ్‌లో ఉంచుదామనుకున్నా. సోమవారం ఆన్ చేద్దామని..."

"మరిచిపోయినవ్."

"మెషీనే కదిలిందండి. నేను బటన్ నొక్కలేదు."

"మెషీన్‌కు బేడీలు వెయ్యలేను. రిపోర్టును బోనెక్కించలేను. సంతకం లేదన్నవ్ గదా. లాగ్‌ల నీ పేరుంది. నడువు."

కానిస్టేబుల్ అతన్ని ర్యాంప్ ఎక్కించాడు. రాజేందర్ అక్కడే నిలబడ్డాడు.

"మేడం, ఆ దినం కన్ను తుడిస్తె అయిపోయేదా?"

"అయిపోయేది."

"నాకు ఎరుకలేదు మేడం."

"శివశంకర్ వచ్చి చూస్తే ఎరుకైతుండె. మీద ఆఫీసుల కూసొనే ఆఫ్ చేసిండు, కిందికి దిగలేదు."

కొమురయ్య దగ్గరకు వచ్చాడు.

"మేడం, ఆ బకెట్ మా ఇంటిదే. ఈడి బకెట్లు ఓటివని తెచ్చుకున్నది. ఇస్తరా?"

"ఇప్పుడు కాదు. రిపోర్టుల మానవ తప్పిదమని ఉంది, అంటే నీ భార్య చూసుకోకుండ లోపలికి పోయిందని. చూసుకునే పోయిందని చెప్పేది ఆ బకెట్ ఒక్కటే. కోర్టుకు పోవాలె."

కొమురయ్య తలూపాడు. మూడో బే ముందుకెళ్లి, గీతకు ఇవతలే ఆగి, బకెట్‌లోకి చూశాడు. నీళ్లు పొద్దున్న ఎన్నున్నాయో అన్నే ఉన్నాయి.