ఎరుక

సముద్రం బీచ్ రోడ్డును మింగేశాక విశాఖపట్నం కొండల మీదికెక్కింది. అక్కడి ఇళ్లలో కిటికీలు ఎండను బట్టి వాటంతటవే రంగు మార్చుకుంటాయి, గోడలు పొద్దున్నే మనుషుల్ని పలకరిస్తాయి. ఒక్క ఇంట్లో మాత్రం రోజూ ఒక మగాడి ఏడుపుతో తెల్లవారేది.

మైలపల్లి తాతారావంటే ఒకప్పుడు సామాన్యుడా! అమెరికన్ ఫుట్‌బాల్ మన ఊళ్లకొచ్చి క్రికెట్‌ను వెనక్కి నెట్టిన రోజుల్లో విశాఖ జట్టు లైన్‌బ్యాకర్. తెలుగులో నడిమికాపు అనేవారు. ముందు వరస తెగితే, బంతితో దూసుకొచ్చేవాడికి ఎదురెళ్లి పడగొట్టడం అతని పని. స్టేడియమంతా "ఆపన్నా, ఆపు!" అని గొంతు చించుకునేది. ఆపేవాడు, తలతోనే. పన్నెండేళ్లు దెబ్బలు తిన్న ఆ మెదడులో కొత్త జ్ఞాపకం నిలవడం మానేసింది. పడుకుని లేస్తే చాలు, ఆట రోజుల తర్వాతిదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

భార్య డాక్టర్ నూకరత్నం నాడీశాస్త్రవేత్త. అతని కోసమే 'ఎరుక'ను తయారుచేసింది. చెవి వెనక అంటించే, చింతగింజంత మాట్లాడే యంత్రం. మెదడు దాచుకోలేని మెమరీ సిగ్నల్స్‌ను అది దాచిపెట్టి, పొద్దున్నే తిరిగి అందిస్తుంది. అబద్ధం చెప్పడం దానికి రాదు. కల్పించిన జ్ఞాపకాన్ని మెదడు తిప్పికొడుతుందని ఆమే దాన్నలా రూపొందించింది.

అందుకే రోజూ పొద్దున తాతారావుకు ఆట అయిపోయిందన్న సంగతి అప్పుడే తెలిసినట్టు తెలిసేది. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చేవాడు.

"ఆట సంగతి దాచి, నా సంగతి ఒక్కటీ చెప్పలేవా?" అని ఒకనాడు ఆమె ఎరుకను బతిమాలింది.

"కుదరదు డాక్టర్. ఆయన మిమ్మల్ని మొదట చూసిందే, మీరు ఆయన చేత ఆట మాన్పించిన రోజున. ఆ తర్వాతే ఆయన మిమ్మల్ని పెళ్లి చేసుకున్నారు. మీరు గుర్తొస్తే ఆ రోజూ గుర్తొస్తుంది."

"అయితే నేనూ వద్దులే. ఆయన సుఖంగా ఉంటే నాకంతే చాలు."

మర్నాడు ఆమె ఎరుకను పెట్టలేదు. తాతారావు ఈల వేసుకుంటూ లేచాడు. మ్యాచ్‌కు సిద్ధమవుతున్నట్టు గోడకు భుజం ఆనించి నెట్టి చూసుకున్నాడు. ఉప్మా రెండుసార్లు పెట్టించుకున్నాడు. ఎన్నేళ్లయిందో ఆ నవ్వు చూసి! ఆమె కళ్లు నిండిపోయాయి.

"మీరెవులమ్మా?" అన్నాడు అప్పుడు.

"డాక్టర్ని."

"టీముకి కొత్తగా వొచ్చినారేటి? డాక్టరమ్మా, దండమెడతాను, నన్ను ఆడొద్దని మాత్రం అనకండి."

"అనను," అంది. అలవాటుగా అతని నుదుటి మీద చెయ్యి వేయబోతే, పరాయి ఆడమనిషి తాకబోయిందని మర్యాదగా వెనక్కి జరిగాడు. ఆ రోజంతా ఆమెను "అండీ" అనే పిలిచాడు.

ఆ మరుసటి పొద్దున, అతనింకా నిద్రలో ఉండగానే, ఆమె ఎరుకను చేతిలోకి తీసుకుంది.

"నిన్న ఆయన సుఖంగా ఉన్నారా?" అని అడిగింది ఎరుక.

"ఉన్నారు."

"మరి నేనెందుకు?"

ఆమె దాన్ని అతని చెవి వెనక అంటించింది.

తాతారావు కళ్లు తెరిచాడు. కాసేపు పైకప్పుకేసి చూశాడు.

"రత్నం! నా ఆట అయిపోనాదే!" అంటూ ఆమె ఒళ్లో ముఖం దాచుకుని భోరుమన్నాడు.

ఆ ఏడుపులో తన పేరు విన్నాక, పాపం, ఆమె గుండె కుదుటపడింది. అతని తల నిమురుతూ, తనమీద తనకే అసహ్యం వేస్తున్నా, ఇంకోసారి పిలుస్తాడేమోనని ఎదురుచూస్తూ కూర్చుంది.