నా పేరు తర్వాత కామా

1997 మే నెల. వన్ టౌన్‌లో డిగ్రీ గైడ్లు అచ్చేసే ఓ ప్రెస్సులో నాకు పని. డోరతీ హాల్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు నవలాకారిణి జీవితం, రచనల మీద గైడు నేనే రాశాను. ఆవిడ తెల్లదొరల కాలంలో మన కాలవ ఒడ్డు బంగళాలో మూడేళ్లుండి నవల రాసింది. తన బిడ్డను పెంచిన ఆయాకి అందులో పేరే లేదు. నాకు ఒళ్లు మండింది. ‘పేరు దోచుకోవడమే అసలు వలసపాలన’ అని రాసి, కింద గీత గీశాను.

ఓనరు బసవపున్నయ్యగారు భోజనానికి లేచారు.

“సహకరించినవాళ్ల పేర్లు చివరి పేజీలో రాసుంచు, ప్రకాష్. సాయంత్రం మెషినెక్కాలి. రీడరమ్మ పేరు మర్చిపోకు, పాపం.”

“అలాగేనండీ.”

రీడరమ్మ చనిపోయి పదకొండు రోజులు. ఆర్నెల్లపాటు నా ఎదురుగా కూర్చుని రాతప్రతి పైకి చదివేది, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా. నేను ప్రూఫు దిద్దేవాణ్ణి. అందరూ రీడరమ్మ అనేవాళ్లు, నేనూ అన్నాను. పేరు తెలీదు. అంత ఆవేశంగా రాసినవాణ్ణి, ఇప్పుడు ఆయన్ని అడగడానికి సిగ్గేసింది.

కరెంటు పోయింది. కిటికీ లేని గది. సిరా, కిరసనాయిలు వాసన. ఎండకి బయట తోపుడుబళ్లు కూడా కదలడం లేదు. కొవ్వొత్తి వెలిగించి, ఒక్కణ్ణే పైకి చదువుకుంటూ దిద్దుతున్నాను.

“ఆ నవలలో ఆయాకి పేరు లేదు...”

“ఫుల్‌స్టాప్.”

కలం ఆగింది. వక్కపొడి వాసన... ఆమె నమిలే వక్కపొడి.

“ఎందుకు లేదు, ప్రశ్నార్థకం.”

“అది... నా రాతలో లేదండీ.”

“రాసుకోండి బాబూ. ఎదురుగానే కూర్చున్నాను, కామా... ఎవరూ అడగలేదు, కామా...”

“మీ పేరు... చెప్పండి.”

ఖాళీ కుర్చీ కిర్రుమంది. చెంప మీద చల్లటి ఊపిరి.

“పేరు, కామా...”

ఆగింది. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ, ప్రూఫులో తప్పిపోయిన మాట నేను రాయాలి. అదే మా పని.

రాయలేకపోయాను. చివరి పేజీలో నా పేరొక్కటే గీకి బయటపడ్డాను.

“రీడరమ్మ పేరేదోయ్?” అన్నారు బసవపున్నయ్యగారు, తిరిగొచ్చి.

“తన పేరు వద్దన్నారండీ.”

“ఎప్పుడు?”

“అప్పట్లోనే...”

గైడు వచ్చింది. చివరి పేజీలో నా పేరు. పక్కన కామా. ఆ తర్వాత తెల్లకాగితం.

ఇప్పటికి ఆరు ముద్రణలు. ప్రతిసారీ ప్రూఫులో మళ్లీ వచ్చే ఆ కామాని నా చేత్తోనే కొట్టేశాను.