తొమ్మిదో నంబరు పడవ

రండి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకి రావాలి. ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

ఒక చిన్న చెరువు. చుట్టూ కంచె. చేపలు పట్టకూడదు, ఈదకూడదు, పక్షుల మీద రాయి విసరకూడదు అని బోర్డు. సెలవు రోజుల్లో జనం వచ్చి, పడవ అద్దెకి తీసుకుని, గంటసేపు తెడ్లు వేసుకుంటూ తిరిగేవారు. అవతలి ఒడ్డున నిలువెత్తు జమ్ము గడ్డి. అందులో కొంగలూ నీటికోళ్ళూ గూళ్ళు కట్టుకునేవి. పడవలు అటు పోకుండా తాడుకి ఎర్ర డబ్బాలు కట్టి నీళ్ళ మీద వరసగా వదిలారు.

ఆ డబ్బాలు లేకపోయినా అటు ఎవరూ వెళ్ళేవారు కాదు. ఆ జమ్ముకి మంచి పేరు లేదు.

పడవలన్నిటికీ ముక్కు దగ్గర అంకెలు. ఎనిమిది తర్వాత... పది. తొమ్మిది ఉండదు. ఎప్పుడో తొమ్మిదో నంబరు పడవలో వెళ్ళినవాడు ఆ జమ్ము దగ్గర మునిగి చనిపోయాడు. ఆ పడవని విరగ్గొట్టి తగలబెట్టారు. ఆ అంకె మళ్ళీ దేనికీ వెయ్యలేదు. అయినా చీకటి పడ్డాక తొమ్మిది తేలుతుందని చెప్పుకునేవారు.

పడవలు చూసుకునే ముసలాయన పని మానేస్తూ, కొత్తగా వచ్చినాయన చేతిలో తాళాలు పెట్టి ఒకే మాట చెప్పాడు. "పొద్దుపోయాక జమ్ములోంచి చప్పుడు వినిపిస్తే... గదిలోకొచ్చి తలుపేసుకో నాయనా. తొంగి చూడకు."

కొత్తాయన రాగానే పడవలకి రంగులు వేశాడు. చెయ్యి కుదురు లేని మనిషి. ఆరు అంకె కింద రంగు రెండు ధారలుగా కారి అలాగే ఎండిపోయింది.

"బావా, నీ ఆరుకి జలుబు చేసినట్టుంది. ముక్కు కారుతోంది," అన్నాడు బావమరిది. ఆ చెరువులో పక్షుల్ని లెక్కపెట్టడం అతని ఉద్యోగం.

"నీ ముక్కు తుడుచుకోరా ముందు."

"అక్కతో చెప్తానుండు, నీ చిత్రలేఖనం సంగతి."

అల్లరివాడు. మొన్నటికి మొన్న రేవు చెక్కల కింద దాక్కుని "తొమ్మిది వచ్చిందీ..." అని బొంగురు గొంతుతో మూలిగితే, బావగారు ఒక చెప్పు వదిలేసి పరిగెత్తాడు.

ఆ రోజు సాయంత్రం పక్షులు గూళ్ళకి చేరే వేళ, బావమరిది ఆరో నంబరు పడవ వేసుకుని వెళ్ళాడు. ఎర్ర డబ్బాల దాకా వెళ్ళి, లెక్కపెట్టుకుని, వెలుతురుండగానే వచ్చేస్తాడు రోజూ.

వెలుతురు పోయింది. రాలేదు.

బావ రేవు చివర నిలబడి రేకు గొట్టం నోటికి పెట్టుకుని పిలిచాడు. "ఆరూ... వచ్చెయ్."

మళ్ళీ పిలిచాడు.

"ఆరూ..."

జమ్ములోంచి పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. తల మీదుగా రెక్కల చప్పుడు. అవి దాటిపోయాక చెరువు ఊపిరి బిగబట్టినట్టయింది.

అప్పుడు వినిపించింది. టక్, టక్... టక్.

బావ తిరిగి చూశాడు. గది తలుపు వెనక్కి నాలుగడుగుల్లో ఉంది. అడుగు వెయ్యబోయాడు కూడా. కానీ తలుపేసుకున్నాక భార్యకి ఏమని చెప్తాడు... నీ తమ్ముడేడి అంటే?

పడవ విప్పాడు. తెడ్డు వేసుకుంటూ వెళ్ళాడు. ఎర్ర డబ్బాల దగ్గర ఆగి టార్చి వేశాడు.

నీళ్ళలోంచి ఒక పడవ ముక్కు పైకి లేచి ఉంది. దాని మీద అంకె.

9.

"ఒరేయ్... వేళాకోళమైతే చెప్పు. తిట్టనులే."

టక్, టక్... ఈసారి మూడోది రాలేదు.

పడవ వెనక్కి తిప్పేశాడు. తిప్పుతూ ఆఖరిసారి చూశాడు. చూసి... తెడ్డు ఆపేశాడు.

ఆ తొమ్మిది మీద రెండు రంగు ధారలు ఉన్నాయి. పైకి కారుతూ.

రంగు ఎక్కడైనా పైకి కారుతుందా? రేపు మీ పలక మీద ఆరు రాసి, పలకని తలకిందులుగా పట్టుకుని చూడండి. ఆయనకి అక్కడే తెలిసిపోయింది. అది తొమ్మిది కాదు... బోర్లాపడిన ఆరు.

ఇక భయం ఏమైందో ఆయనకే తెలియదు. డబ్బాలు దాటి దూసుకెళ్ళాడు. పడవ అవతలి పక్కన బావమరిది, గడ్డం దాకా నీళ్ళలో. కొత్త గూడొకటి కనిపిస్తే హద్దు దాటి, చూద్దామని వంగాడట. పడవ తిరగబడింది. కాళ్ళకి నాచు తాళ్ళలా చుట్టుకుంది. నోరు తెరిస్తే నీళ్ళు. ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పడవని కొడుతూ ఉన్నాడు.

కత్తితో నాచు కోసి, పైకి లాగి, రేవు మీద పడుకోబెట్టాక చాలాసేపటికి మాట వచ్చింది.

"నువ్వు తలుపేసుకున్నావనుకున్నా బావా..."

బావ తన చొక్కా విప్పి అతనికి కప్పాడు.

తెల్లవారాక ముసలాయన ఇంటికి వెళ్ళాడు. దెయ్యమూ లేదు, ఏమీ లేదు తాతా, అని నవ్వుతూ జరిగిందంతా చెప్పాడు. ముసలాయన నవ్వలేదు.

"కొట్టాడా?"

"కొట్టాడు."

"ఎలా?"

బావ బల్ల మీద వేలి కణుపులతో కొట్టి చూపించాడు. టక్, టక్... టక్.

ముసలాయన ఆ బల్లని అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. తర్వాత, పక్క గదిలోవాళ్ళకి కూడా వినపడనంత మెల్లగా అన్నాడు:

"ఆ రోజు... నేను తలుపేసుకున్నాక కూడా... తెల్లారేదాకా కొట్టాడు."

...

లేవండిక. భోజనాల వేళయింది, ఇళ్ళల్లో మీకోసం చూస్తుంటారు. అందరూ కలిసి వెళ్ళండి. ఎవరైనా వెనకబడి పిలిస్తే, ఆగండి.