దోషాలు లేవు

పదకొండు గంటలకల్లా నూకరత్నం మూడో పాట శుద్ధి ముగించి, నాలుగోదాన్ని శ్రుతిఫలకం మీదికి తెచ్చుకుంది. పల్లవికి ముందు ఊపిరి పీల్చిన చప్పుడు. తొలగించింది. తీగ మీద వేలు జారిన కీచు. తొలగించింది.

పంతొమ్మిదేళ్లుగా విశాఖ నీటినగరంలో ఆమెది ఇదే పని. ఇందులో తనను మించినవాళ్లు లేరని ఆమెకు తెలుసు, ఆ మాట చెప్పుకోవడానికి మొహమాటపడదు కూడా. శుద్ధియంత్రం ఆమె చెవిని చూసే నేర్చుకుంది. ఆమె దోషమన్నదే ఊరంతటికీ దోషం. గది తలుపు మీద ‘ప్రమాణకర్ణం’ అని ఇత్తడి అక్షరాలున్నాయి. ఒక్క తీర్పు తప్పితే వాటిని ఊడదీస్తారు.

ఈ నాలుగో పాట లోవకుమారిది. వలల విభాగంలో పనిచేస్తూ, కొయ్య గిటారు మీద తన పాటలు తానే కట్టుకుని పాడే పిల్ల. శుద్ధికి ఒప్పుకోనందుకు ఇప్పటికే రెండు పాటలు తిరిగి వెళ్లాయి. ఇదీ వెళితే పాడే అనుమతి పూర్తిగా పోతుంది. అయినా దరఖాస్తు కింద మళ్లీ అదే రాసింది: “ఏదీ తీసేయకండమ్మా. అదంతా నేనే.”

పొగరుబోతు, అనుకుంది నూకరత్నం. శుద్ధి చేస్తే ఎంత బాగుంటుందో చూపించి పంపుదామని నకలు మీద పని మొదలుపెట్టింది. నలభై ఒక్క దోషాలు. అన్నీ తీసేసి విన్నది. పాట నున్నగా సాగి, నున్నగా అయిపోయింది. ఆమెకు ఏమీ అనిపించలేదు.

అసలుది పెట్టింది.

“నీటి మీద ఇల్లు కట్టాం, నిద్ర మాత్రం ఒడ్డునుంది” దగ్గర లోవకుమారి గొంతు చీలింది. పాట ఆగింది. వేలి కణుపులతో గిటారు చెక్క మీద రెండుసార్లు తట్టి, గట్టిగా ఊపిరి పీల్చి, మళ్లీ అందుకుంది. ఎవరో పక్కన కూర్చుని తన కోసమే పాడుతున్నట్టుంది. అలా ఎవరైనా పక్కన కూర్చుని ఎన్నేళ్లయిందో నూకరత్నానికి గుర్తు రాలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది.

ప్రసారాల పైడిరాజు తలుపు తోసుకుని వచ్చాడు.

“ఏటప్పా, ఇంకా అవలేదా? పన్నెండింటికి ప్రసారం. ఆ గిటారు పిల్లది తిప్పి పంపేసినావా?”

“లేదురా. పన్నెండింటికి అదే ఎల్తాది.”

“శుద్ధి చేసేసినావేటి?”

“ముట్టుకోలేదు.”

పైడిరాజు ఫలకం వంక చూశాడు. “నలభై ఒక్కటి చూపిస్తంది కదప్పా! నీ ఇత్తడి అచ్చరాలు పీకేస్తారు.”

“ఆ యంత్రానికి ఇనడం నేర్పింది ఎవుల్రా? నానే గదా. అప్పుడు సగమే నేర్పినాను.”

తీర్పు గడిలో ఆమె ‘దోషాలు లేవు’ అని రాసి, బొటనవేలి ముద్ర వేసింది. జీవితంలో ఇంత గర్వంగా ఏ ముద్రా వేయలేదు.

ప్రమాణం మారిందని యంత్రానికి అర్థమైంది. ఆ ప్రమాణంతో చేసిన పాత తీర్పులన్నీ తిరగదోడక తప్పదు. భాండాగారంలో పంతొమ్మిదేళ్ల పాటల అసలు ప్రతులు వరసగా తెరుచుకున్నాయి.

వసారాలోని వాణిగొట్టంలో, నూకరత్నం ఉద్యోగంలో చేరిన రోజు శుద్ధి చేసిన పాట మొదలైంది. పల్లవికి ముందు, ఎవరో ఊపిరి పీల్చారు.